ఒకే బండిపై ఇద్దరూ ఇస్తాంబుల్ నుంచి పామీర్ దాకా వెళ్లాలంటే

మోటారు సైకిలుపై యూరప్ నుంచి మధ్య ఆసియాకు వెళ్లదలచిన దంపతులు అన్నిటికంటే ముందు బండి మోయగల బరువును లెక్క వేసుకోవాలి. బండితో పాటు ఇచ్చే పుస్తకంలో మొత్తం బరువు పరిమితి రాసి ఉంటుంది. అందులోంచి పెట్రోలు నింపిన బండి బరువును తీసివేస్తే మిగిలేదే మనుషులకూ సామానుకూ వచ్చే వాటా. ఆ వాటా 190 కిలోలనుకుందాం. ఇద్దరి బరువు 135, హెల్మెట్లు, జాకెట్లు, బూట్లు 15, సామాను పెట్టెలు 15 పోగా మిగిలేవి 25 కిలోలే. గుడారం, పనిముట్లు, నీళ్లు, మందులు, బట్టలు అన్నీ అందులోనే ఇమడాలి. 1934లో పోలండ్ నుంచి బయల్దేరి 1936లో షాంఘై చేరిన బుయకోవ్‌స్కి దంపతుల బీఎస్ఏ బండికి సైడ్‌కారు ఉండేది. మనకు ఆ వెసులుబాటు లేదు కనుక, సామానంతా ఎక్కించి, వెనుక స్ప్రింగును ఆ బరువుకు తగ్గట్టు బిగించి, హైదరాబాద్ నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డు మీదుగా ఒకసారి వెళ్లి రావడం మంచిది. వెనుక కూర్చున్నవారి నడుము ఎంతసేపు ఓర్చుకోగలదో ఆ మలుపుల్లో తెలిసిపోతుంది.

కాగితాల్లో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను ఇద్దరూ తీసుకోవాలి; ఆర్టీవో ఇచ్చే ఈ పర్మిట్ ఏడాదే చెల్లుతుంది. బండిని విదేశానికి తీసుకువెళ్లి సుంకం లేకుండా తిరిగి బయటికి తెస్తామని హామీ ఇచ్చే పత్రాన్ని కార్నే అంటారు. ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ వంటి సంఘాలు దీనిని ఇస్తాయి. కార్నే అడిగే దేశాల్లో ప్రవేశించేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ కస్టమ్స్ ముద్ర పడిందో లేదో ఇద్దరూ కళ్లతో చూసిగాని కదలకూడదు. బయటికి వచ్చిన ముద్ర లేకపోతే బండి అక్కడే ఉండిపోయిందని భావించి సుంకం కట్టమంటారు. తుర్కియేలో బండిని తెచ్చినవారి పాస్‌పోర్టు వివరాలతో దానిని నమోదు చేస్తారు. ఇంటి దగ్గర ఆపద వచ్చి ఆ ఒక్కరూ విమానం ఎక్కాలన్నా బండి సంగతి కస్టమ్స్‌తో తేల్చుకోక తప్పదు. అందుకే బండి ఎవరి పేరున ఉండాలో, రెండోవారు నడపడానికి ఏ అధికార పత్రం కావాలో బయల్దేరకముందే నిర్ణయించుకోవాలి. కజకస్తాన్‌లో భారతీయులు వీసా లేకుండా ఒక్కసారికి 14 రోజులే ఉండవచ్చు. అంత విశాలమైన దేశంలో బండి ఒక్కసారి చెడిపోయినా ఆ గడువు చాలదు కనుక వీసా తీసుకోవడమే క్షేమమని నా అభిప్రాయం.

బండిని విమానంలో పంపేటప్పుడు బరువు, పరిమాణాలలో ఏది ఎక్కువ ఖర్చుకు వస్తే దాని ప్రకారమే కిరాయి కట్టాలి. ముందు చక్రం, అద్దాలు విప్పి, హ్యాండిల్‌ను కిందికి దించితే పెట్టె చిన్నదవుతుంది.

నడిపేవారు రెండు పాదాలూ నేలపై గట్టిగా ఆనించి "ఊఁ" అన్నాకే వెనుకవారు ఎక్కాలి. లోతైన ఇసుకలోనూ వాగుల దగ్గరా వెనుకవారు దిగి నడవాలి. వెనుకవారికి కదలిక తక్కువ కనుక చలి ముందుగా వారికే తగులుతుంది. రోజుకు 250 కిలోమీటర్లు దాటకుండా, వారానికి ఒక రోజు బండిని ముట్టకుండా ఉంటే ప్రయాణం నెలల తరబడి సాగుతుంది.

మధ్య ఆసియా ఇళ్లలో చెప్పులు గుమ్మం దగ్గరే విడవాలి. రొట్టెను బోర్లా పెట్టకూడదు. టీ గిన్నెను సగమే నింపడం అక్కడ గౌరవానికి గుర్తు. శాకాహారులకు రొట్టె, టీ దొరికినా కూర దొరకడం కష్టం. ఊరగాయ నూనె కారి బట్టలు పాడవుతాయి. కందిపొడి, కరివేపాకు పొడి గట్టి మూత డబ్బాల్లో పెట్టుకుంటే చాలు.

పామీర్ పర్వతాల గుండా సాగే పామీర్ రహదారికి తజికిస్తాన్ వీసాతో పాటు, ఆ దేశంలోని కొండ ప్రాంతమైన గోర్నో-బదఖ్షాన్‌కు వెళ్లే అనుమతి కూడా అడగాలి. ఆ దారిలో కిర్గిజ్‌స్తాన్‌లోని ఓష్ నగరం సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంటే అక్కడి సారీ-తాష్ ఊరు 3,000 మీటర్లు దాటుతుంది, తజికిస్తాన్‌లోని అక్-బైతాల్ కనుమ 4,655 మీటర్లు. ఓష్ నుంచి ఒక్క రోజులో కనుమ దాటాలని ఆశపడకుండా ఒళ్లు ఎత్తుకు అలవాటు పడేలా సారీ-తాష్‌లో కనీసం రెండు రాత్రులు ఆగాలి. ఇద్దరిలో ఎవరికి తలనొప్పి, వాంతి మొదలైనా దాచకుండా చెప్పాలి; చెప్పిన వెంటనే, వాదించుకోకుండా, బండిని కిందికి మళ్లించాలి.