లేత్ మీద చెక్క వణుకుతుంటే: వేగం ఎక్కడ తప్పిందో గుర్తించడం

చెక్కను తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రమైన లేత్ మీద తలెత్తే ఇబ్బందుల్లో చాలావాటి మూలం వేగంలోనే ఉంటుంది. అయినా ప్రతిదానికీ వేగం మార్చడమే మందు కాదు. వాడుకలో ఉన్న లెక్క ఇది: దిమ్మె వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని, నిమిషానికి తిరిగే చుట్లతో గుణిస్తే వచ్చే అంకె 6000 నుంచి 9000 మధ్య ఉండాలి. అంటే 10 అంగుళాల గిన్నెకు 600 నుంచి 900 చుట్లు. పగుళ్లు లేకుండా, గుండ్రంగా చెక్కడం పూర్తయి, తూకం కుదిరిన చెక్కకు మాత్రమే ఈ లెక్క వర్తిస్తుంది. సన్నని పనికి ఇది పనికిరాదు. 1 అంగుళం బద్దకు 6000 చుట్లు అవసరం లేదు, 2000 నుంచి 3000 చాలు.

లేత్ మొత్తం ఊగిపోతోంది

దిమ్మె ఒక పక్క బరువుగా ఉండడమే దీనికి ప్రధాన కారణం. ఆ అదనపు బరువు బయటికి లాగే బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 400 చుట్ల దగ్గర సన్నగా తెలిసిన వణుకు 800 దగ్గరకు వచ్చేసరికి నాలుగింతల బలంతో లేత్‌ను కుదుపుతుంది. ముందుగా స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, బెల్ట్ వదులు చేసి దిమ్మెను చేత్తో మెల్లగా తిప్పి వదలండి. ఎన్నిసార్లు తిప్పినా ఒకే పక్క కిందికి వచ్చి ఆగుతుంటే అదే బరువైన పక్క. అక్కడ సుద్దతో గుర్తుపెట్టి, దిమ్మెను విప్పి, ఆ మూలను రంపంతో కోసేయండి. తర్వాత టెయిల్‌స్టాక్ (దిమ్మె రెండో కొసను నొక్కి పట్టే భాగం) ఆనించి, లేత్ ఇవ్వగల అతి తక్కువ వేగంతో మొదలుపెట్టండి. తిరిగే దిమ్మె అంచున మసకగా ఒక నీడ కనిపిస్తుంది. దాని వెడల్పే దిమ్మె ఎంత వంకరగా ఉందో చెబుతుంది. చెక్కేకొద్దీ ఆ నీడ సన్నబడుతుంది. అది పూర్తిగా మాయమయ్యేదాకా వేగం పెంచవద్దు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఒకసారి సన్నని పిడి ఒకటి వేగంగా తిప్పి ముగించి, వేగం తగ్గించడం మరచి, 12 అంగుళాల దిమ్మె బిగించి స్విచ్ వేశాను. పక్కకు నిలబడే అలవాటు ఉండబట్టి దిమ్మె ఊడి గోడకు తగిలిందే కానీ నాకు తగల్లేదు. 12 అంగుళాల దిమ్మె 1000 చుట్ల దగ్గరే అంచున గంటకు సుమారు 57 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. అప్పటినుంచి ప్రతి పని చివర వేగాన్ని అట్టడుగుకు తెచ్చాకే లేత్ ఆపుతున్నాను.

ఒక్క వేగం దగ్గరే వణుకు పుడుతోంది

దిమ్మె తూకంగానే ఉన్నా 700 దగ్గర కుదుపు వచ్చి, 650 దగ్గర శాంతిస్తే, ఆ వేగం లేత్ సహజ కంపనంతో కలిసిందని అర్థం. కొంచెం తగ్గించి పనిచేయండి. లేత్ కాళ్లు నేలకు సమంగా ఆనాయో లేదో కూడా చూడండి.

సన్నని బద్ద మీద మెలికల గీతలు పడుతున్నాయి

పొడవు మందానికి పదింతలు దాటిన బద్ద నడుమ వంగుతుంది. వేగం పెరిగితే వంపు పెరుగుతుంది, ఉలిని గట్టిగా నొక్కితే మరింత పెరుగుతుంది. వేగం తగ్గించి, ఉలికి పదును పెట్టి, టెయిల్‌స్టాక్ బిగింపును కాస్త సడలించండి. రెండు కొసల నుంచి అతిగా నొక్కినా బద్ద విల్లులా వంగుతుంది. అప్పటికీ గీతలు ఆగకపోతే నడుమ స్టెడీ రెస్ట్ (బద్ద వంగకుండా పట్టే ఆసరా) పెట్టాలి.

గిన్నె అంచు నున్నగా వచ్చి, నడుమ పీచు లేస్తోంది

కొత్తవారిని ఎక్కువగా పొరబడేలా చేసేది ఇదే. చుట్లు అవే అయినా అంచు దగ్గర చెక్క వేగంగా, నడిబొడ్డున దాదాపు కదలకుండా ఉంటుంది. కోత గరుకుగా ఉందని వేగం పెంచితే నడుమ పెద్దగా లాభం ఉండదు, అంచు మీద మాత్రం ప్రమాదం పెరుగుతుంది. వేగాన్ని అలాగే ఉంచి, నడుమకు చేరేకొద్దీ ఉలిని నెమ్మదిగా జరపండి.

ఉలి ఆనించగానే చుట్లు తగ్గుతున్నాయి

బెల్ట్ జారుతూ ఉండవచ్చు, లేదా బెల్ట్ అధిక వేగపు పుల్లీ మీద ఉండి, తక్కువ చుట్ల దగ్గర మోటారుకు బలం చాలకపోవచ్చు. బెల్ట్‌ను తక్కువ వేగపు పుల్లీకి మార్చండి. ఇక ఉప్పుకాగితం పట్టేటప్పుడు చెక్క వేడెక్కి కమురు వాసన వస్తే, వేగాన్ని చెక్కిన వేగంలో సగానికి దించండి.

శబ్దం ఉన్నట్టుండి మారింది

అప్పటిదాకా ఒకేలా వినిపించిన శబ్దంలో టక్ టక్‌మని చప్పుడు మొదలైతే చెక్కలో పగులు పుట్టి ఉండవచ్చు, లేదా చక్ (చెక్కను బిగించి పట్టే భాగం) పట్టు సడలి ఉండవచ్చు. వేగం తగ్గించి చూద్దామని ఆగకండి. దిమ్మె తిరిగే వరుసకు పక్కన నిలబడి వెంటనే స్విచ్ ఆపండి. అది దానంతట అదే ఆగేదాకా దగ్గరికి వెళ్లకండి. ఆగాక చక్ బిగింపును, చెక్కను చుట్టూ పరీక్షించండి. పగులు కనిపిస్తే ఆ చెక్కను పక్కన పెట్టేయండి. ఎంత తక్కువ వేగమైనా దానికి సురక్షితం కాదు.