తాల్ముడ్ చదవదలచినవారు కళ్ళం దగ్గర మొదలుపెట్టడం మేలు

యూదుల ధర్మచర్చల సంకలనమైన తాల్ముడ్ చదవాలనుకున్నవారు చాలామంది మొదటి సంపుటం మొదటి పుట తెరుస్తారు. అక్కడ 'బెరఖోత్' అనే గ్రంథం, సాయంకాలపు షెమా (యూదులు రోజూ చదివే 'ఇశ్రాయేలూ వినుము' అన్న ప్రార్థన) పఠనం ఏ వేళ నుంచి చేయవచ్చునన్న ప్రశ్నతో మొదలై, యాజకులు తమ ప్రతిష్ఠార్పణ భాగం తినడానికి లోపలికి వెళ్ళే వేళ నుంచి అని జవాబిస్తుంది. యెరూషలేము ఆలయం గురించీ, అక్కడి శుద్ధి నియమాల గురించీ తెలియనివారికి ప్రశ్న కన్నా జవాబే కష్టంగా తోస్తుంది. అందువల్ల అనంతపురంలోనో కడపలోనో గురువు అందుబాటులో లేకుండా చదువుకునేవారు 'బావా మెట్సియా' రెండవ అధ్యాయంతో, అంటే దొరికిన వస్తువుల ప్రకరణంతో, ఆరంభించడం మంచిదని నా అభిప్రాయం. పొలమూ కళ్ళమూ ఎరిగినవారికి అందులోని సమస్యలు కొత్తవి కావు.

దానికి ముందు, ఈ గ్రంథంలో పొరలున్నాయన్న సంగతి గ్రహించాలి. గలిలయలో యెహూదా హనాసీ సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా మూలం. అది 6 విభాగాలుగా, 63 గ్రంథాలుగా ఉంటుంది, భాష హీబ్రూ. దాని మీద తర్వాతి తరాల పండితులు జరిపిన చర్చ గెమారా. ఇది ఎక్కువగా అరామిక్‌లో నడుస్తుంది. పలస్తీనా చర్చలు యెరూషలేము తాల్ముడ్‌గానూ, సూరా, పుంబెదితా వంటి విద్యాపీఠాల చర్చలు బాబిలోను తాల్ముడ్‌గానూ రూపొందాయి. ఉత్త 'తాల్ముడ్' అంటే సాధారణంగా బాబిలోనుదే. ఏ ముద్రణ చూసినా ఆకుల (రెండు వైపులా అచ్చైన కాగితాల) సంఖ్య ఒకటే కావడానికి కారణం వెనిస్‌లో 1520 నుంచి డానియేల్ బొంబెర్గ్ అనే ముద్రాపకుడు వెలువరించిన ముద్రణ. దాదాపు ప్రతి గ్రంథమూ 2వ ఆకుతో మొదలవుతుంది కాబట్టి మొదటి ఆకు పోయిందని కంగారు పడనక్కరలేదు.

సాధనాలకు ఖర్చు లేదు. సెఫారియా అనే ఉచిత వెబ్‌సైటులో మూలమూ, స్టైన్‌సాల్ట్స్ ఇంగ్లీషు అనువాదమూ పక్కపక్కనే ఉంటాయి. అందులో ముద్దక్షరాల్లో ఉన్నది మూలానికి అనువాదం, మామూలు అక్షరాల్లో ఉన్నది వివరణ. మొదటిసారి ముద్దక్షరాలు మాత్రమే చదివి, మూలం ఎంత పొదుపుగా మాట్లాడుతుందో చూడాలి; రెండవసారి వివరణతో కలిపి చదవాలి. తెలుగు బైబిలు దగ్గర ఉంచుకోవడం తప్పనిసరి, ఎందుకంటే గెమారా తరచుగా వచనంలోని ఒక్క ముక్క ఉదహరించి మిగిలినది చదువరికి తెలుసన్నట్టు సాగిపోతుంది. ఈ ప్రకరణానికి ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలోని మొదటి మూడు వచనాలు చూసుకోవాలి.

ఇక పాఠం. చెల్లాచెదురుగా పడి ఉన్న పంట, చెదిరిన నాణేలు వంటివి దొరికినవాడివేనని మిష్నా చెబుతుంది. సంచిలో ఉన్న నాణేలనూ, కుప్పగా పోసిన పంటనూ, ఒకదాని మీద ఒకటి పేర్చిన మూడు నాణేలనూ మాత్రం చాటింపు వేసి సొంతదారుకు అప్పగించాలంటుంది. గెమారా వెంటనే 'ఎంత?' అని, అంటే ఎంత చోటులో ఎంత పంట పడి ఉంటే చెల్లాచెదురు అనాలి అని, అడుగుతుంది. నాలుగు మూరల చోటులో ఒక కవ్ అని రబ్బీ ఇత్సాక్ జవాబు. కవ్ అంటే లీటరుకు కాస్త ఎక్కువ. అయితే ఆక్షేపణ సిద్ధంగా ఉంది: ఆ గింజలు జారిపడినట్టు కనిపిస్తే అంతకన్నా ఎక్కువైనా దొరికినవాడివే కదా, కావాలని ఉంచినట్టు కనిపిస్తే అంతకన్నా తక్కువైనా ముట్టరాదు కదా? ఇది కళ్ళం ఎత్తుకునే వేళ సంగతి అని రవ్ ఉక్వా బర్ హమా సమాధానపరుస్తాడు. నాలుగు మూరల మేర చెదిరిన కవ్ గింజలు ఏరడం శ్రమ కాబట్టి రైతు వాటిని వదులుకుంటాడు, అంతకన్నా దగ్గరగా పడి ఉంటే వదులుకోడు. చెనక్కాయ నూర్చాక కళ్ళంలో ఏది మిగులుతుందో, ఎవరు ఏరుకుంటారో చూసిన అనంతపురం పాఠకుడికి ఇక్కడ వ్యాఖ్యానం అక్కరలేదు.

ఆ తర్వాత రబ్బీ యిర్మియా ప్రశ్నలు వస్తాయి. రెండు మూరల్లో అర కవ్ అయితే? నాలుగు మూరల్లో నువ్వులైతే? నువ్వులు విలువైనవి కాబట్టి వదులుకోడా, లేక ఏరడం మరీ కష్టం కాబట్టి తప్పక వదులుకుంటాడా? ఈ ప్రశ్నలు తేలకుండానే నిలిచిపోతాయి. 'చివరికి ఏం తేల్చారు?' అన్న ఆత్రంతో చదివేవారు ఇక్కడే పుస్తకం మూసేస్తారు. మన శాస్త్రగ్రంథాల్లో పూర్వపక్షం సిద్ధాంతానికి మెట్టుగా ఉపయోగపడుతుంది. ఇక్కడ ఓడిన వాదానికీ, తేలని వాదానికీ కూడా గెలిచినదానితో సమానమైన చోటు దక్కుతుంది. తీర్పు మాత్రమే కావాలనుకుంటే తర్వాతి కాలపు ధర్మస్మృతులు వేరే ఉన్నాయి.

కాబట్టి నోటుపుస్తకంలో తీర్పులు కాక వాదం నడక రాసుకోవాలి. ప్రతి వాక్యానికీ ఎదురుగా, చెప్పినవారెవరు, అది ప్రశ్నా, జవాబా, ఆక్షేపణా, ఆధారం వచనమా, మిష్నానా, తర్కమా అని గుర్తించాలి. పేరు లేని గొంతు కనిపిస్తే అది చర్చను అల్లిన సంపాదకులది కావచ్చునని పక్కన గీత పెట్టుకోవాలి. పై భాగానికి ఇలా రాస్తే అర పుట కూడా పట్టదు. తరువాయి పుటలో, పోయిన సంగతి సొంతదారుకు ఇంకా తెలియకపోయినా వదులుకున్నట్టే లెక్కా అని బాబిలోను పండితులు అబాయే, రవా తలపడే చోటు చాలా పొడవైనది. అక్కడ ఈ అలవాటు లేకపోతే దారి తప్పడం ఖాయం. అరామిక్ రాకపోయినా ఇబ్బంది లేదు గాని, మాటిమాటికీ ఎదురయ్యే పారిభాషిక పదాలను పుస్తకం చివర చేర్చుకుంటూ పోవాలి.

యూదులు దీన్ని సంప్రదాయంగా ఇద్దరిద్దరుగా కూర్చుని, పైకి చదువుతూ, ఒకరినొకరు నిలదీస్తూ చదువుతారు. ఒకరు కడపలో, ఇంకొకరు ప్రొద్దుటూరులో ఉన్నా ఫోనులో ఇది సాధ్యమే. తోడు దొరికితే ఆమోదించేవారి కన్నా అడ్డుతగిలేవారిని ఎంచుకోవడం మంచిది. రోజుకొక ఆకు చొప్పున 2,711 ఆకులను సుమారు ఏడున్నరేళ్ళలో ముగించే 'దఫ్ యోమీ' పద్ధతి 1923 నుంచి నడుస్తోంది. కొత్తవారికి ఆ వేగం నేను సూచించను.

సువార్తల్లో కనిపించే యూదు మతవర్గమైన పరిసయ్యులను అర్థం చేసుకోవడానికే ఈ చదువులోకి వచ్చేవారు మన జిల్లాల్లో తక్కువేమీ కారు. ఆ ఆసక్తి సరైనదే, కాని కాలం గమనించాలి. మిష్నా కూర్పు యేసు కాలానికి దాదాపు 170 ఏళ్ళ తర్వాతిది, గెమారా మరికొన్ని శతాబ్దాల తర్వాతిది. యేసుకు కాస్త ముందటి యూదు గురువు హిల్లేలు పేరున ఒక మాట కనిపించినంత మాత్రాన అది మొదటి శతాబ్దపు ఆచారానికి నేరుగా సాక్ష్యం కాదు. ఎక్కడో ఒక వాక్యం తుంచి యూదులు ఇలా నమ్ముతారని ప్రచారం చేసే సందేశాలను ఎదురు వాదం చదవకుండా నమ్మకూడదు.

ఈ ప్రకరణం పూర్తయ్యాక మిష్నాలోని 'పేయా' తీసుకోవచ్చు. లేవీయకాండము 19వ అధ్యాయం పేదలకు విడిచిపెట్టమన్న పొలం అంచు, పరిగె దాని విషయం. పొలంలో అరవయ్యవ వంతుకు తగ్గకుండా వదలాలని మొదట్లోనే ఉంటుంది. కోతలో ఒకేచోట రాలిన వెన్నులు రెండైతే పేదలవి, మూడైతే సొంతదారువి అని హిల్లేలు వర్గమూ, మూడైనా పేదలవే, నాలుగైతేనే సొంతదారువి అని అతని సమకాలీన గురువు షమ్మాయి వర్గమూ వాదించుకోవడం ఆరవ అధ్యాయంలో వస్తుంది. బాబిలోను తాల్ముడ్‌లో దీనికి గెమారా లేదు కాబట్టి చర్చ కావాలంటే యెరూషలేము తాల్ముడ్ తెరవాలి.