క్యాన్సర్ వైద్యానికి ఆర్థిక సాయం: విశాఖలో ఎవరిని, ఎప్పుడు అడగాలి

బయాప్సీలో క్యాన్సర్ అని తేలిన రోజున చాలా ఇళ్లలో మొదట బంగారం తాకట్టు మాట వస్తుంది. చికిత్సను ఆలస్యం చేయకూడదు గాని, అప్పును మాత్రం కొద్ది రోజులు ఆపి విచారించుకోవాలి. సాయం చేసే పథకాల్లో ఎక్కువభాగం జరగబోయే చికిత్సకు ముందుగా అనుమతి ఇచ్చి ఆస్పత్రికే సొమ్ము చెల్లిస్తాయి. కట్టేసిన డబ్బును తిరిగి రాబట్టుకోవడం చాలా కష్టం.

మొదట చూడవలసినది ఆరోగ్యశ్రీగా అందరికీ తెలిసిన, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా పిలుస్తున్న రాష్ట్ర పథకం. శస్త్రచికిత్స, కీమో, రేడియేషన్ మూడూ ఇందులో ఉన్నాయి. రోగిని చేర్పించే ముందే ఆధార్, రేషన్ కార్డు, బయాప్సీ రిపోర్టు పట్టుకుని ఆస్పత్రిలోని పథకం కౌంటరులో ఉండే వైద్యమిత్రను కలవాలి; పాతవాళ్లు ఇంకా ఆరోగ్యమిత్ర అనే అంటారు. ఆ ఆస్పత్రికి క్యాన్సర్ విభాగంలోనే గుర్తింపు ఉందా అన్నది 104కు ఫోన్ చేసి నిర్ధారించుకోవచ్చు. ఒక ఆస్పత్రికి ఒక విభాగంలో గుర్తింపు ఉండి మరో విభాగంలో లేకపోవడం అరుదేమీ కాదు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కుటుంబానికి ఇచ్చే పరిమితిని 2023 డిసెంబరులో 25 లక్షల రూపాయలకు పెంచారు గాని, చెల్లింపు జరిగేది ఒక్కొక్క చికిత్సకు నిర్ణయించిన ప్యాకేజీ ప్రకారమే. కాబట్టి డాక్టరు ఖరీదైన కొత్త మందు రాస్తే అది ప్యాకేజీలో ఉందా, లేకపోతే దానికి బదులు ఏది ఉంది అని మొహమాటపడకుండా అడగాలి.

ఆస్పత్రి ఎంపిక కూడా ఖర్చులో భాగమే. అగనంపూడిలోని హోమీభాభా క్యాన్సర్ ఆస్పత్రి అణుశక్తి శాఖ పరిధిలోని టాటా మెమోరియల్ సెంటర్‌కు చెందినది, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) ప్రభుత్వాస్పత్రి. ప్రైవేటులో అడ్వాన్సు కట్టే ముందు ఈ రెండింట్లోనూ ఒకసారి ఓపీ చూపించుకుని రావడం వృథా శ్రమ కాదని నా అభిప్రాయం.

పారిశ్రామిక నగరంలో ఉంటూ కూడా మనవాళ్లు తరచుగా మరిచిపోయేది కార్మికుల ఆరోగ్య బీమా పథకమైన ఈఎస్‌ఐ. నెలజీతం 21,000 రూపాయల లోపు ఉండి, జీతంలో ఈఎస్‌ఐ కోత పడుతున్న కార్మికునికీ అతని మీద ఆధారపడిన కుటుంబానికీ వైద్యం అందుతుంది; తమ దగ్గర లేని చికిత్సకు ఒప్పందం ఉన్న ఆస్పత్రికి పంపుతారు. కార్మికునికే క్యాన్సర్ వస్తే, తగిన సర్వీసు ఉన్నపక్షంలో, జీతంలో 80 శాతం చొప్పున రెండేళ్ల వరకు భృతి కూడా లభిస్తుంది. ఇల్లు గడవడానికి ఇది వైద్యమంత ముఖ్యం. మాజీ సైనికులకు ఈసీహెచ్ఎస్, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకూ పెన్షనర్లకూ ఈహెచ్ఎస్ అనే వేర్వేరు ఆరోగ్య పథకాలు ఉన్నాయి.

వైద్యసేవ కిందికి రాని ఖర్చుకు ముఖ్యమంత్రి సహాయనిధి ఉంది. దరఖాస్తును సాధారణంగా ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా పంపుతారు. చికిత్స జరగక ముందైతే ఆస్పత్రి ఇచ్చిన ఎస్టిమేటుతో ఎల్ఓసీ, అంటే ఆ సొమ్ము చెల్లిస్తామని ఆస్పత్రికి ముందుగా ఇచ్చే హామీపత్రం, అడగాలి. అయిపోయిన తరువాతైతే అసలు బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ కావాలి. అసలు బిల్లులు ఒకచోట ఇచ్చేస్తే మరోచోట చూపించడానికి మిగలవు కనుక, ఇచ్చే ముందు ప్రతి కాగితాన్నీ జిరాక్సు తీయించుకోవాలి. ప్రధానమంత్రి జాతీయ సహాయనిధికి ఆదాయ ధ్రువపత్రం, డాక్టరు సంతకం చేసిన ఖర్చు అంచనా జతచేసి పంపాలి. మంజూరైన సొమ్ము నేరుగా ఆస్పత్రికే వెళుతుంది. ఈ నిధుల నుంచి వచ్చేది సాధారణంగా ఖర్చులో కొంత భాగమే కాబట్టి మొత్తం భారాన్ని వీటి మీదే పెట్టుకోకూడదు.

పలాస నుంచో అరకు నుంచో వచ్చేవారికి దారిఖర్చే పెద్ద బరువు. ఆస్పత్రి నుంచి నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం తీసుకుని రైల్వే రిజర్వేషన్ కౌంటరులో చూపితే, చికిత్సకోసం చేసే ప్రయాణంలో స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో రోగికి టికెట్టు పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ. ఆ ధ్రువపత్రం ఇంకా సిద్ధం కాలేదంటే, టికెట్టు కొనే రోజుకు ముందే ఓపీలో అడిగి సంతకం, ముద్ర వేయించుకుని ఉంచుకోవాలి.