బంగారు నానోకణాలకు డీఎన్‌ఏ అతికించడం: గాజుసామాను కడగడం నుంచి ఉప్పు వేయడం దాకా

నానో, మాలిక్యులర్ బయాలజీ రెండూ కలిసే ల్యాబుల్లో కొత్తగా చేరిన పీహెచ్‌డీ స్కాలర్‌కు తరచుగా అప్పగించే పని ఇది: 13 నానోమీటర్ల బంగారు కణాలు తయారుచేసి, వాటికి థయాల్ డీఎన్‌ఏ (చివర బంగారానికి అతుక్కునే సల్ఫర్ గుంపు ఉన్న డీఎన్‌ఏ) పట్టించడం. పద్ధతి రాస్తే ఒక పేజీ. అయినా కణాలు ముద్దకట్టి, నీలంగా మారి పారబోయాల్సిన బ్యాచ్‌లు చాలా ఉంటాయి. అలా పాడైతే ముందుగా రెండింటిని అనుమానించండి: సరిగా కడగని గాజు, తొందరపడి వేసిన ఉప్పు.

ముందు గాజు సంగతి. ఫ్లాస్కు, కండెన్సర్ లోపలి గొట్టం, మాగ్నెటిక్ బీడ్, అన్నింటినీ ఆక్వా రీజియాతో (బంగారాన్ని కూడా కరిగించే ఆమ్ల మిశ్రమం) కడగాలి. ఫ్యూమ్ హుడ్‌లో మూడు వంతుల గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఒక వంతు నైట్రిక్ ఆమ్లాన్ని మెల్లగా పోసి, అప్పటికప్పుడే వాడేయాలి. మిగిలింది సీసాలో పోసి మూత బిగిస్తే వాయువుల ఒత్తిడికి సీసా పగులుతుంది. గాజును అసిటోన్‌తో తొలిచే అలవాటుంటే ఆ రోజు మానండి, అసిటోన్ తడి మీద ఈ ఆమ్లం పడితే ప్రమాదం. పదిహేను నిమిషాలు నానబెట్టి, మిల్లీక్యూ (అతిశుద్ధ) నీళ్లతో ఆమ్లం జాడ లేకుండా తొలవాలి. పాత బ్యాచ్ బంగారం రేణువు గోడకు మిగిలిపోతే కొత్త బంగారం దాని మీదే పేరుకుంటుంది, సైజులు చెదిరిపోతాయి.

గోల్డ్ క్లోరైడ్‌ను, అంటే ట్రైహైడ్రేట్ రూపంలోని క్లోరోఆరిక్ ఆమ్లాన్ని, ప్రతిసారీ తూచకండి. గాలిలో తేమ పీల్చుకుంటుంది, వానాకాలంలో తూకం కాగితం మీదే జిగటగా మారుతుంది. స్టీలు స్పాచులా తగిలితే బంగారం దాని మీద దిగి, ఇనుము ద్రావణంలోకి వస్తుంది. 1 గ్రాము వయల్ మొత్తాన్ని ఒకేసారి 25.4 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగిస్తే 100 మిల్లీమోలార్ స్టాక్ వస్తుంది. ముదురు రంగు సీసాలో పోసి, ఫాయిల్ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి.

తయారీకి టర్కెవిచ్ 1951లో ఇచ్చిన, ఫ్రెన్స్ 1973లో సైజు మార్చుకునేలా సవరించిన సిట్రేట్ పద్ధతి చాలు. 250 మిల్లీలీటర్ల ఆర్‌బీ (గుండ్రటి అడుగు) ఫ్లాస్కులో 99 మిల్లీలీటర్ల నీళ్లు, 1 మిల్లీలీటరు స్టాక్ పోసి కండెన్సర్ బిగించి, గట్టిగా కలుపుతూ మరిగించండి. 114 మిల్లీగ్రాముల ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్‌ను 10 మిల్లీలీటర్ల నీళ్లలో అదే రోజు కరిగించుకోండి, నిల్వ ఉంచితే సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఫ్లాస్కు తెర్లుతున్నప్పుడు సిట్రేట్ మొత్తం ఒక్క ఊపున పోసేయాలి. కొంచెం కొంచెంగా పోస్తే ముందు పుట్టిన కణాలు పెరుగుతుండగానే కొత్తవి పుడుతూ ఉంటాయి, సైజులు కలగాపులగం. లేత పసుపు పోయి తేటపడుతుంది, తర్వాత నల్లబడి, ఊదాకు తిరిగి, చివరికి దానిమ్మ రసం రంగులో నిలుస్తుంది. 10 నిమిషాలు మరిగించి, వేడి ఆపి మరో 15 నిమిషాలు కలపండి. మే నెలలో ట్యాంకు నీళ్లే వేడిగా వస్తాయి, కండెన్సర్ పని చేయదు. బకెట్లో ఐసు వేసి చిన్న పంపుతో నీళ్లు తిప్పండి, లేకపోతే ఆవిరి పోయి గాఢత మారుతుంది.

చల్లారాక నీళ్లతో పదింతలు పలచన చేసి యూవీ-విజ్‌లో (కాంతి శోషణ కొలిచే పరికరం) చూడండి. శిఖరం 518–520 నానోమీటర్ల దగ్గర ఉండాలి. 600 దాటాక గీత బేస్‌లైన్‌కు దిగకపోతే కణాలు ముద్దకట్టాయని అర్థం, ఆ బ్యాచ్‌తో ముందుకు వెళ్లొద్దు. 13 నానోమీటర్ల కణానికి మోలార్ శోషణ గుణకం దాదాపు 27 కోట్లు. పలచన చేసినదానిలో శోషణ 0.3 వస్తే అసలు గాఢత సుమారు 11 నానోమోలార్.

ఇక డీఎన్‌ఏ. ఆర్డర్ ఇచ్చేటప్పుడే థయాల్‌కూ మీ సీక్వెన్స్‌కూ మధ్య పది థైమిన్లు (డీఎన్‌ఏ నాలుగు అక్షరాల్లో ఒకటి) పెట్టించండి. అడినైన్ బంగారానికి గట్టిగా అతుక్కుని డీఎన్‌ఏ పోగును ఉపరితలం మీద పడుకోబెడుతుంది, థైమిన్ ఆ పని తక్కువగా చేస్తుంది. థయాల్ సాధారణంగా డైసల్ఫైడ్ రక్షణతో వస్తుంది, దాన్ని విడదీయాలి. 1 మిల్లీమోలార్ డీఎన్‌ఏ 9 మైక్రోలీటర్లు, 500 మిల్లీమోలార్ అసిటేట్ బఫర్ (పీహెచ్ 5.2) 1 మైక్రోలీటరు, అప్పుడే కలిపిన 10 మిల్లీమోలార్ టీసెప్ (డైసల్ఫైడ్‌ను విడదీసే రసాయనం) 1.5 మైక్రోలీటర్లు కలిపి గంట ఉంచండి. దీన్ని 3 మిల్లీలీటర్ల బంగారంలో కలిపి, మూతపెట్టి చీకట్లో రాత్రంతా వదిలేయండి. కణానికి దాదాపు 270 పోగుల చొప్పున వేసినట్టు. అన్నీ పట్టవు, మిగులు ఉండాలి.

అసలు జాగ్రత్త ఉప్పు దగ్గర. సిట్రేట్ పొర ఉన్న కణాలు రుణావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడిగా ఉంటాయి. ఉప్పు ఆ ఆవేశాన్ని కప్పేస్తుంది: 1 మిల్లీమోలార్ ఉప్పులో వికర్షణ 10 నానోమీటర్ల దాకా పనిచేస్తే, 100 మిల్లీమోలార్‌లో 1 నానోమీటరుకు పడిపోతుంది. కణాలు అతుక్కుంటాయి, రంగు నీలం, ఇక వెనక్కి రాదు. కానీ డీఎన్‌ఏ పోగులు కూడా రుణావేశమే కనుక ఉప్పు లేకుండా పక్కపక్కన ఒత్తుగా చేరవు. అందుకే 1996లో మిర్కిన్ బృందం చూపిన దారిలో, తర్వాతివాళ్లు ఉప్పును విడతలుగా పెంచే పద్ధతికి స్థిరపడ్డారు. పోగులు కొన్ని చేరాక కొంచెం ఉప్పు, ఆ రక్షణతో మరికొన్ని పోగులు, మళ్లీ ఉప్పు.

మరుసటి రోజు 500 మిల్లీమోలార్ ట్రిస్ అసిటేట్ (పీహెచ్ 8.2) 30 మైక్రోలీటర్లు, 1 శాతం ట్వీన్-20 (ఒక డిటర్జెంట్) 30 మైక్రోలీటర్లు వేయండి. తర్వాత 2 మోలార్ సోడియం క్లోరైడ్‌ను 75 మైక్రోలీటర్ల చొప్పున, ట్యూబును తిప్పుతూ చుక్కలుగా, అరగంటకోసారి ఏడు విడతల్లో వేయండి. ప్రతి విడత తర్వాత బాత్ సోనికేటర్‌లో 10 సెకన్లు. చివరికి ఉప్పు 0.3 మోలార్‌కు చేరుతుంది. 5 మోలార్ స్టాక్ వాడితే చుక్క పడ్డ చోటే కణాలు ముద్దకడతాయి. ఏ విడతలోనైనా ఊదా ఛాయ కనిపిస్తే ఉప్పు ఆపేయండి. డీఎన్‌ఏ తక్కువైందో, టీసెప్ పాతదో అయి ఉంటుంది. ఆ ట్యూబును కాపాడాలని చూడటం వృథా, కొత్తది మొదలుపెట్టండి.

ఆ రాత్రి కూడా వదిలేసి, సెంట్రిఫ్యూజ్‌లో 16,000 జీ (గురుత్వాకర్షణకు 16,000 రెట్లు) దగ్గర 20 నిమిషాలు తిప్పి పైతేట తీసేయండి. మూడుసార్లు ఇలా కడగాలి. ఆర్‌పీఎం రాసుకోకండి, రోటర్ మారితే ఆ అంకెకు అర్థం ఉండదు. కడగడం తగ్గిస్తే మిగిలిపోయిన విడి పోగులు మీ టార్గెట్‌ను (కణాల మీది డీఎన్‌ఏ పట్టాల్సిన జత పోగు) ముందే పట్టేసుకుంటాయి, హైబ్రిడైజేషన్ (జత పోగులు కలిసే) ప్రయోగం పనిచేయలేదని పొరబడతారు. పరీక్షకు కొంచెం కణాలను 0.3 మోలార్ ఉప్పులో వేయండి, పక్కన ఉత్త సిట్రేట్ కణాలను కూడా. అవి క్షణాల్లో నీలమవుతాయి, మీవి ఎర్రగానే ఉండాలి.

4 డిగ్రీల దగ్గర, చీకట్లో నిల్వ ఉంచండి. ఎంజైములతో వాడేముందు బఫర్ లేబుల్ చదవండి: టీ4 లైగేజ్ (డీఎన్‌ఏ ముక్కలను అతికించే ఎంజైము) బఫర్లలో సాధారణంగా డీటీటీ అనే థయాల్ రసాయనం ఉంటుంది. అందులోని థయాళ్లు బంగారం మీది డీఎన్‌ఏను ఊడగొట్టి తామే కూర్చుంటాయి, అదే బఫర్‌లోని మెగ్నీషియం రక్షణ పోయిన కణాలను ముద్దకట్టిస్తుంది. ఆ ప్రయోగానికి డీటీటీ లేని బఫర్ సొంతంగా కలుపుకోండి.