దమ్ము చేసిన పాత ట్రాక్టరును చలికాలం పనులకు సిద్ధం చేయడం

సార్వా (వానాకాలం వరి) దమ్ము, అంటే నాట్ల కోసం నీళ్ళు పెట్టి మడిని బురదగా దున్నడం, అయ్యాక షెడ్డులో నిలబెట్టిన బండి మళ్ళీ బయటికొచ్చేది వరికోతల నాటికి. పాత బండిలో ఆయిల్ సీళ్ళు (ఆయిల్ బయటికి, నీళ్ళు లోపలికి పోకుండా ఆపే రబ్బరు రింగులు) గట్టిపడి ఉంటాయి, దమ్ము నీళ్ళు వాటిని దాటి లోపలికి పోతాయి. అలాగే వదిలేస్తే బేరింగులు తుప్పు పడతాయి. అందుకే ట్రక్కు (ట్రాలీ) తగిలించక ముందే, కార్తీకంలోనే విప్పి చూడాలి.

మొదట గేరుబాక్సు. రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే స్టార్ట్ చేయక ముందు డ్రెయిన్ బోల్టు కొద్దిగా వదులు చేయండి. నీళ్ళుంటే ఆయిల్ కన్నా ముందు అవే కారతాయి. ఆయిల్ పాల టీ రంగుకు తిరిగిందంటే నీళ్ళు పూర్తిగా కలిసిపోయినట్టే, మొత్తం మార్చాలి. చాలా పాత బండ్లలో హైడ్రాలిక్కుకూ అదే ఆయిల్, కాబట్టి పైపైన కొంచెం కలిపి సరిపెట్టొద్దు. క్లచ్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. అది బురదతో పూడితే నీళ్ళు లోపలే నిలిచి క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు పట్టేస్తుంది. తీగతో పొడిచి శుభ్రం చేయండి.

ముందు చక్రాల హబ్బుల (చక్రం మధ్యలో బేరింగులుండే భాగం) దగ్గర తొందరపడకూడదు. వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు యాక్సిల్ కింద జాకీ వేసి లేపి, దిమ్మ పెట్టండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. లొడలొడలాడితే బేరింగు వదులైనట్టు, తిప్పితే గరగరమంటే అరిగినట్టు. శబ్దం లేకపోయినా దమ్ము చేసిన బండికి హబ్బు విప్పాల్సిందే. టోపీ, స్ప్లిట్ పిన్ను, నట్టు తీసి, బేరింగులు డీజిల్‌లో కడిగి గుడ్డతో తుడవండి. రోలర్ల మీద గుంటలు గానీ నీలం మరక గానీ కనబడితే కప్పుతో (రోలర్లు తిరిగే బయటి రింగు) సహా సెట్టు మార్చాలి. కొత్త బేరింగును పాత కప్పులో వేస్తే త్వరగా పోతుంది. సీలు ఎలాగూ కొత్తదే. పాతదాని మీది నంబరు, లేదా లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం రాసుకుని వెళ్తే విజయవాడ ఆటోనగర్‌లో వెతకడం తేలిక.

గ్రీజును అరచేతిలో పెట్టుకుని, రోలర్ల సందుల్లోంచి అవతలికి వచ్చేదాకా ఒత్తండి. హబ్బు లోపల సగం నింపితే చాలు, నిండా కూరితే వేడెక్కి సీలును తోసేస్తుంది. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, బరువు తగలగానే పిన్ను రంధ్రం కలిసేంత వెనక్కి వదలండి. పిన్ను కొత్తది వేయండి. రెండు కిలోమీటర్లు తోలి హబ్బు మీద చెయ్యి పెట్టండి. చెయ్యి ఆనలేనంత వేడి ఉంటే నట్టు ఎక్కువ బిగిసింది.

డీజిల్ ఫిల్టరు గిన్నె విప్పి అడుగు నీళ్ళు పారబోయండి. తర్వాత ఎయిర్, అంటే డీజిల్ దారిలో చిక్కిన గాలి, తీయాలి: ఫిల్టరు మీది బ్లీడు స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతి పంపు కొట్టి, కారుతుండగానే బిగించండి. ఆ తర్వాత ఇంజనుకు డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపు దగ్గర కూడా అంతే.

బ్యాటరీకి ముందు నెగటివ్ తీసి, తెల్లటి బూజును వంటసోడా నీళ్ళతో కడిగి, వ్యాజిలిన్ పూయండి. పూర్తి ఛార్జి మీద, కాసేపు ఆగి చూస్తే 12.6 వోల్టులు ఉండాలి.

చివరగా పొగ చూడండి. వేడెక్కాక కూడా తెల్ల పొగ వస్తుంటే నాజిల్ (డీజిల్ చిమ్మేది) లేదా కంప్రెషన్ (సిలిండర్లో గాలి ఒత్తిడి) మెకానిక్‌కు చూపించాలి. నల్ల పొగైతే ముందు ఎయిర్ క్లీనర్ విప్పండి, ఆయిల్ గిన్నె అడుగున బురద పేరుకుని ఉంటుంది. నీలం పొగ ఇంజను ఆయిల్ మండుతున్న గుర్తు. ఇంజను బోరు పని (అరిగిన సిలిండర్, పిస్టన్ రింగుల మరమ్మతు) కోతల ముందే పెట్టుకోవాలి.