వర్జీనియాకు కొత్తగా వచ్చారా? ఆయిస్టర్ సూప్ ఇంట్లో ఇలా చేసుకోండి

అక్టోబరు వచ్చిందంటే ఆష్‌బర్న్, హెర్న్‌డన్, షాంటిలీ వైపు పెద్ద కిరాణా షాపుల్లో చేపల కౌంటర్ దగ్గర ఐసు మీద చిన్న ప్లాస్టిక్ డబ్బాలు కనిపిస్తాయి. లోపల మసక నీళ్లు, వాటిలో బూడిదరంగు మెత్తటి ముద్దలు. చూడగానే నోరూరే సరుకు కాదు. కొత్తగా వచ్చిన మనవాళ్లు చాలామంది ఓ చూపు చూసి రొయ్యల వైపు వెళ్లిపోతారు. అవే చిప్ప ఒలిచిన ఆయిస్టర్లు, అంటే ఆల్చిప్పల లోపలి మాంసం. దగ్గర్లోని చెసపీక్ బే తీరంలో తరతరాలుగా ఇదే తిండి, ఇదే బతుకుతెరువు. వీటితో చేసే పాల సూప్‌ని ఇక్కడివాళ్లు ఆయిస్టర్ స్టూ అంటారు. థాంక్స్‌గివింగ్ మొదలు క్రిస్మస్ దాకా, ముఖ్యంగా క్రిస్మస్ ముందురోజు రాత్రి, చాలా ఇళ్లలో ఇది చేసుకుంటారు. పక్కింటివాళ్లు పిలిచి గిన్నెలో పోసిస్తే బెదిరిపోనక్కర్లేదు. నచ్చితే మీరే అరగంటలో చేసుకోవచ్చు.

ఇంటికి ఫోన్ చేసి చెప్తే మాత్రం మొదట వినిపించే మాట ఒకటే: "పాలల్లో నీచేంటి, బొల్లి వస్తుంది!" చర్మానికి రంగునిచ్చే కణాలు దెబ్బతింటే బొల్లి వస్తుంది. చాలావరకు మన ఒంట్లోని రోగనిరోధక శక్తే వాటి మీద పడటం దానికి కారణం. పాలు, చేపలు కలిపి తింటే వస్తుందనడానికి వైద్యంలో రుజువు లేదు. ఈ దేశంలో తూర్పు తీరంలో చాలామంది క్లామ్ చౌడర్ (ఇంకో రకం చిప్ప మాంసంతో చేసే సూప్) అనీ, ఆయిస్టర్ స్టూ అనీ పాలల్లోనే వండుకు తింటారు. అయినా ఆయుర్వేదం విరుద్ధాహారం అంటుంది కదా, ఇంటికొచ్చిన పెద్దవాళ్లు వద్దంటే బలవంతపెట్టకండి. నీచు ముట్టని నెలలు పాటించేవాళ్లకి ఇంకో చిక్కుంది. క్రిస్మస్ సరిగ్గా ధనుర్మాసంలో పడుతుంది. కార్తీకం వెళ్లి ధనుర్మాసం రాకముందు దొరికే ఆ కొద్ది రోజుల్లో కానిచ్చుకోవాలి, లేదంటే సంక్రాంతి దాటాకే.

కొనేటప్పుడు మొదటిసారికి ఒలిచిన డబ్బానే కొనండి. చిప్పలతో కొంటే తెరవడానికి ప్రత్యేకమైన కత్తి, మందపాటి గ్లవ్ కావాలి. అలవాటు లేని చేతికి గాయం ఖాయం. నలుగురికి ఒక పింట్ డబ్బా సరిపోతుంది. పింట్ అంటే 16 ఔన్సులు, మన లెక్కలో దాదాపు 473 మిల్లీలీటర్లు. డబ్బా మీద సెలెక్ట్స్, స్టాండర్డ్స్ అని ఉంటే అది సైజు తేడా. పెద్దవి వేపుడుకి బాగుంటాయి. సూప్‌కి చిన్నవైన స్టాండర్డ్స్ చాలు, ధర కూడా తక్కువ. మూత మీద అమ్మకపు గడువు తేదీ చూడండి. తెరిచాక సముద్రపు వాసన రావాలి. పుల్లటి వాసన వస్తే ఆలోచించకుండా పారేయండి.

వాషింగ్టన్ డీసీలో మెయిన్ అవెన్యూ చేపల మార్కెట్ 1805 నుంచి నడుస్తోంది. ఒక ఆదివారం సరదాగా వెళ్లి రావచ్చు, మన బజారు సందడి గుర్తొస్తుంది. ఇంకొంచెం ఓపికుంటే నవంబరు మొదట్లో వర్జీనియాలోనే రాపహానక్ నది ఒడ్డున అర్బానా అనే చిన్న ఊళ్లో ఆయిస్టర్ పండుగ చేస్తారు. మేరీల్యాండ్‌లో సహజంగా పెరిగినవాటిని పట్టే సీజన్ అక్టోబరు 1 నుంచి మార్చి 31 దాకా. చెరువు రొయ్యల్లా వీటినీ పెంచుతారు కాబట్టి పెంపకంవి ఏడాది పొడుగునా దొరుకుతాయి. ఎండాకాలం గుడ్లు పెట్టే సమయం కావడంతో మామూలు రకాలు అప్పుడు నీరసంగా, నీళ్లగా ఉంటాయి. రుచి కావాలంటే చలికాలమే.

ఇక పాల సెక్షన్. కొత్తలో అందరూ తికమకపడేది ఇక్కడే. హోల్ మిల్క్ (వెన్న తీయని పాలు) మూడు కప్పులు, హాఫ్ అండ్ హాఫ్ ఒక కప్పు తీసుకోండి. హాఫ్ అండ్ హాఫ్ అంటే పాలు, మీగడ కలిపినది. కాఫీలో పోసుకునే చిన్న డబ్బాయే, కాకపోతే తీపి, వెనీలా కలిపిన కాఫీ క్రీమర్ తెచ్చుకోకండి, రెండూ పక్కపక్కనే ఉంటాయి. కప్పు అంటే ఇక్కడ సుమారు 240 మిల్లీలీటర్లు. వెన్న పొడుగాటి కడ్డీలుగా అమ్ముతారు. ఒక కడ్డీ 113 గ్రాములు, కాగితం మీదే ఎనిమిది టేబుల్ స్పూన్ల గీతలుంటాయి. మనకి సగం కడ్డీ చాలు, అదీ ఉప్పు లేనిది. ఒక చిన్న ఉల్లిపాయ, ఒక సెలరీ కాడ, మిరియాల పొడి. పైన చల్లుకోవడానికి ఆయిస్టర్ క్రాకర్స్ అనే చిన్న బిస్కెట్లు. పేరు చూసి శాకాహారులు భయపడక్కర్లేదు, వాటిలో ఆయిస్టర్ ఉండదు.

ఇప్పుడు వంట. ఈ సూప్ చెడిపోయేది రెండే చోట్ల: ఆయిస్టర్లు రబ్బరులా సాగడం, పాలు విరగడం. పాతకాలపు పద్ధతిలో పచ్చి ఆయిస్టర్లని వేడి పాలల్లో వేసి, అంచులు ముడుచుకోగానే దించేస్తారు. ఒలిచినవాటిని కనీసం మూడు నిమిషాలు మరిగించాలని ఇక్కడి ఆహార భద్రతా శాఖ ఎఫ్‌డీఏ చెప్తుంది. పాలతో కలిపి అంతసేపు మరిగిస్తే విరిగే ప్రమాదం ఉంది. అందుకే నేను రెండు గిన్నెలు పెడతాను.

డబ్బాలోని నీళ్లు పారబోయకండి, సూప్ రుచంతా అందులోనే ఉంటుంది. ఆయిస్టర్లని ఒక్కొక్కటిగా వేళ్లతో తడిమి చూస్తూ వేరే గిన్నెలోకి తీయండి, చిప్ప పెంకులు ఉంటే చేతికి తగులుతాయి. అడుగున ఇసుక దిగుతుంది కాబట్టి ఆ నీళ్లని పల్చటి గుడ్డలోనో కాఫీ ఫిల్టర్‌లోనో వడకట్టి చిన్న గిన్నెలో మరిగించండి. మరుగుతుండగా ఆయిస్టర్లు వేయండి. కాసేపట్లో అవి ఉబ్బుతాయి, చుట్టూ ఉన్న పల్చటి అంచు చీర కుచ్చిళ్లలా ముడతలు పడుతుంది. పైకి తేలిన బూడిదరంగు నురగ గరిటెతో తీసేయండి. మళ్లీ మరుగు వచ్చిన దగ్గర్నుంచి మూడు నిమిషాలు లెక్కపెట్టి దించేయండి. అంతకంటే మరీ ఎక్కువ ఉంచితే గట్టిపడతాయి.

ఈలోగా మందపాటి గిన్నెలో వెన్న కరిగించి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, సెలరీ సన్నసెగ మీద మెత్తబడేదాకా ఉంచండి. ఎర్రగా వేగకూడదు. పాలు, హాఫ్ అండ్ హాఫ్ పోసి, అంచుల వెంట చిన్న బుడగలు వచ్చి ఆవిరి లేచేదాకా వేడిచేయండి. పొంగు రానివ్వద్దు. అపార్ట్‌మెంట్లలో ఉండే కరెంటు స్టవ్ ఆపినా ప్లేటు చాలాసేపు వేడిగానే ఉంటుంది. కాబట్టి స్విచ్ ఆపి ఊరుకోకుండా గిన్నెని పక్కకి జరపాలి. అప్పుడు ఆయిస్టర్లు, వాటి నీళ్లు నెమ్మదిగా పాలల్లో కలపండి. ఉప్పు చివర్లో, రుచి చూశాకే. సముద్రపు ఉప్పు ఆ నీళ్లలో ఎలాగూ ఉంటుంది, చాలాసార్లు వేరే వేయక్కర్లేదు.

అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా వైపు చెయ్యి పోతుంది, ఆపుకోండి. వాటితో మంచి ఇగురు చేసుకోవచ్చు, అది వేరే వంట. ఇందులో కారం కావాలంటే మిరియాలు, లేదా ఇక్కడి పసుప్పచ్చ డబ్బా ఓల్డ్ బే మసాలా ఒక చిటికెడు. జర్మనీ నుంచి శరణార్థిగా వచ్చిన గుస్తావ్ బ్రన్ 1939లో బాల్టిమోర్‌లో మొదలుపెట్టిన మసాలా అది. ఇంకో సుఖం ఏమిటంటే, చేపల పులుసు పెట్టినరోజులా కారిడార్ అంతా వాసన పాకదు.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మాత్రం జాగ్రత్త. షుగర్, లివర్ జబ్బు ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు పచ్చి ఆయిస్టర్లు అసలు తినకూడదు. వెచ్చటి సముద్రపు నీళ్లలో ఉండే విబ్రియో అనే బ్యాక్టీరియా వాళ్లకి ప్రాణం మీదకి తెస్తుంది. రెస్టారెంట్లలో నిమ్మకాయ పిండి పచ్చివే తింటుంటారు. నిమ్మరసానికీ, హాట్ సాస్‌కీ ఆ బ్యాక్టీరియా చావదు. బాగా ఉడికిస్తేనే చస్తుంది. రొయ్యలు, పీతలు పడనివాళ్లు కూడా డాక్టర్ని అడక్కుండా దీని జోలికి వెళ్లొద్దు. పాట్‌లక్‌కి, అంటే తలా ఒక వంట తెచ్చుకునే విందుకి తీసుకెళ్తే గిన్నె మీద ఆయిస్టర్, పాలు అని రాసిన చీటీ అంటించండి, దాని గరిటె దానికే ఉంచండి. తెల్లగా ఉండటంతో బంగాళాదుంప సూప్ అనుకుని శాకాహారులు వడ్డించుకునే వీలుంది.

మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడే తినేయండి. మైక్రోవేవ్‌లో ఆయిస్టర్లు టప్పుమని పేలతాయి, స్టవ్ మీద సన్నసెగనే పొగలొచ్చేదాకా వేడిచేసుకోండి. క్రాకర్స్ తినేముందు గిన్నెలో వేసుకోండి, ముందే వేస్తే నానిపోతాయి.