కీళ్లవాతం మందులు వాడేవాళ్లు కిడ్నీలు కాపాడుకునేది ఎట్లా

మా అమ్మకి కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్), దానికి మెథోట్రెక్సేట్ అనే మందు వేసుకుంటా ఉంది. పోయిన ఎండాకాలం కావలిలో రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ (కిడ్నీ సరిగ్గా వడకట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) 0.8 ఉండేది కాస్తా 1.6 వచ్చింది. అందరం మెథోట్రెక్సేట్‌నే తిట్టుకున్నాం, తీరా చూస్తే అసలు దొంగ వేరే, చీటీ లేకుండా మెడికల్ షాపులో కొని రోజూ రెండేసి మింగిన నొప్పుల బిళ్లలు.

అందుకని ముందు ఇంట్లో ఉన్న మందులన్నీ మంచం మీద పోసి పేర్లు చదవండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్, ఎటోరికాక్సిబ్ ఇట్లాంటివి నొప్పితో పాటు కిడ్నీకి పోయే రక్తాన్నీ తగ్గించేస్తాయి. దానికి తోడు టెల్మిసార్టాన్ లాంటి బీపీ బిళ్ల, నీరు లాగే బిళ్ల కూడా ఉండి, పైన రోహిణి కార్తె ఎండలో నీళ్లు తాగకుండా తిరిగితే ఇంక చెప్పేదేముంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయంటే ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేసి ఏ మందులు ఆపాలో అడగండి.

మెథోట్రెక్సేట్ బయటికి పోయేది కిడ్నీ దారిలోనే, కిడ్నీ మందగిస్తే మందు ఒంట్లోనే నిలబడిపోయి నోట్లో పుండ్లు, రక్తకణాలు పడిపోవడం మొదలవుతాయి. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, మేం క్యాలెండర్‌లో ఆదివారాలకి గుర్తు పెట్టాం. జ్వరానికో మూత్రంలో మంటకో పోయి కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ రాయించుకోబాకండి, రెండూ కలిస్తే ప్రమాదం.

మొదట్లో రెండు మూడు వారాలకోసారి, కుదురుకున్నాక మూడు నెలలకోసారి క్రియాటినిన్, లివర్, సీబీసీ (రక్తకణాల లెక్క) చూపించుకోవాలి, మూత్రంలో అల్బుమిన్ (ప్రొటీన్) పరీక్ష కూడా అడగండి. బక్కగా ఉండే పెద్దవాళ్లకి కిడ్నీ మందగించినా క్రియాటినిన్ నార్మల్‌గానే కనపడుద్ది, అందుకే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎంత బాగా వడకడుతుందో చెప్పే అంకె) చూడాలి. 60 కిందకి దిగితే డాక్టర్‌కి చూపించి డోసు సంగతి తేల్చుకోండి, 30 లోపలయితే మెథోట్రెక్సేట్ మామూలుగా ఇవ్వరు.

కనిగిరి వైపు వాళ్లకి ఇంకో మాట, ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చే నొప్పులు కూడా కీళ్లవాతం లాగే ఉంటాయి, ముందు ఏ జబ్బో తేల్చుకోకుండా ఊళ్లో నొప్పి సూదులు వేయించుకోవడం దేనికి?

భయపడి మందంతా మీరే మానేయొద్దు. మా అమ్మ నెల మానేస్తే వేళ్లు వాచి జడ కూడా వేసుకోలేకపోయింది. డాక్టర్ నొప్పి బిళ్ల ఆపి, పారాసిటమాల్ రాసి, మెథోట్రెక్సేట్ తక్కువ డోసుతో మళ్లీ మొదలుపెట్టాడు, రెండు నెలలకి క్రియాటినిన్ 1.0కి దిగింది. కాళ్లు వాచినా, మూత్రం నురగొచ్చినా, తగ్గినా మాత్రం తర్వాతి డేట్ దాకా ఆగబాకండి.